కారులో హోరు, గలగల: డ్యాంపింగ్ షీటు కొనే ముందు చేయాల్సిన పని

మీరు అడిగింది ఇది. అయిదేళ్ల హ్యాచ్‌బ్యాక్, 80 దాటితే వెనక నుంచి హోరు. గతుకుల మీద డ్యాష్‌బోర్డులో ఒకటి, వెనకవైపు ఒకటి గలగలమంటున్నాయి. ఒక షాపులో అడిగితే నాలుగు తలుపులు, నేల, పైకప్పు, డిక్కీ అన్నిటికీ డ్యాంపింగ్ షీట్లు, అంటే రేకు మోగకుండా అంటించే షీట్లు, వేయించుకోమన్నారు, కారు మొత్తం సైలెంట్ అయిపోతుందన్నారు. వేయించడం మంచిదా, ఇంట్లో మీరే వేసుకోగలరా, ఏ షీటు కొనాలి?

మీరే వేసుకోగలరు. అదేం పెద్ద విద్య కాదు, ఓపిక ఉంటే చాలు. కానీ ఈ వారం మాత్రం షీటు కొనకండి. మీరు రాసిన దాంట్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. గలగలకి డ్యాంపింగ్ షీటు దాదాపు పనికిరాదు. హోరుకి కొంతవరకే పనికొస్తుంది, అదీ సరైన చోట పడితేనే.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఇవేవీ తెలియవు. సీట్లన్నీ ఊడదీసి, నేలంతా ఒక్క అంగుళం వదలకుండా షీటు అంటించాను. రెండు రోజులు పట్టింది. మూడో రోజు రోడ్డెక్కితే అదే హోరు. ఇంకో నెల తర్వాత, పొడవాటి వంపులో ఎడమకి తిప్పినప్పుడు ఆ హోరు పెరుగుతోందని, కుడికి తిప్పితే తగ్గుతోందని గమనించాను. ఎడమకి తిరిగేటప్పుడు బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది. కుడివైపు వెనక చక్రం బేరింగ్ పోయింది. దాన్ని మార్చడానికి గంట కూడా పట్టలేదు, హోరు ఆ సాయంత్రమే పోయింది. అప్పటినుంచి ఎవరి కారైనా సరే, చప్పుడు ఎక్కడ పుడుతోందో తేలేదాకా షీటు ముట్టుకోను.

ముందు హోరు సంగతి చూద్దాం. కారు లోపలికి వచ్చే మోతలో ముఖ్యమైనవి మూడు: ఇంజన్, టైర్లు, గాలి. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఇంజన్ వినిపిస్తుంది. 40, 50 దాటాక టైర్లది పైచేయి అవుతుంది. 100 దాటాక గాలి కూడా గట్టిగా అందుకుంటుంది. మీకు వినిపించేది వీటిలో ఏదో కారులోనే కూర్చుని తేల్చుకోవచ్చు. ఒకే వేగంలో పోతూ రోడ్డు మారే చోట చెవి పెట్టండి. గరుకు కాంక్రీటు నుంచి నున్నటి తారు మీదకి రాగానే మోత టక్కున మారిపోతే అది టైరు మోత. రోడ్డు మారినా మోత మారకపోతే గాలి గానీ, బేరింగ్ గానీ, ఇంజన్ గానీ కావాలి. అదే వేగంలో ఒక గేరు కిందకి వేసినప్పుడు మోత పెరిగితే ఇంజన్ వైపు చూడాలి.

గాలి సంగతి తేల్చడానికి ఒక చుట్ట మాస్కింగ్ టేపు చాలు. రంగు వేసేవాళ్లు వాడే కాగితం టేపు అది. తలుపు సందులు, అద్దం చుట్టూ ఉండే సందులు, సైడ్ మిర్రర్ మొదలు, వీటన్నిటి మీదా బయటినుంచి టేపు అంటించి అదే రోడ్డు మీద ఒకసారి వెళ్లిరండి. డ్రైవర్ తలుపు మాత్రం వదిలేయండి, ఎక్కాలి దిగాలి కదా. ఈలలాంటి మోత తగ్గితే తప్పు రబ్బరు బీడింగ్‌ది. తర్వాత టేపును ఒక్కో చోటే తీసేస్తూ పోతే ఏ తలుపో కూడా తెలిసిపోతుంది. ఆ తలుపులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. కాగితం బిగుతుగా రావాలి. ఒకచోట ఊరికే జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ నొక్కుకుపోయిందని అర్థం. బీడింగ్ మార్చడమో, తలుపు కొక్కెం పడే స్ట్రైకర్‌ని ఒక వెంట్రుకవాసి లోపలికి జరపడమో చేస్తే సరిపోతుంది. ఎన్ని కిలోల షీటు వేసినా ఆ సందు మూసుకోదు.

టైర్ల దగ్గర ఎక్కువసేపు ఉండాలి. వెనక నుంచి హోరు, అదీ అయిదేళ్ల కారు అంటే నా అనుమానం ముందు అటే పోతుంది. కారు ఆపి, వెనక టైరు మీద అరచేయి ఆనించి చుట్టు వెంబడి ఒకవైపు రాయండి, తర్వాత ఎదురు దిక్కుకి రాయండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపం పళ్లలా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగింది. అలాంటి టైరు చేసే మోత అచ్చం బేరింగ్ మోతలాగే ఉంటుంది, చాలామంది పొరబడతారు. తేడా తెలుసుకోవడానికి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. మోత టైర్లతో పాటే జాగా మారితే తప్పు టైరుది. అక్కడే ఉండిపోతే బేరింగ్‌ది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైరు పాతబడేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, మోత పెరుగుతుంది. గాలి ఎంత ఉందో కూడా చూడండి. మైలేజీ కోసమని ఎక్కువ గాలి కొట్టించుకునేవాళ్లున్నారు. దానివల్ల రోడ్డు మీది ప్రతి గులకరాయీ లోపలికి వినిపిస్తుంది. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టండి.

కొత్త టైర్లు వేయాల్సి వస్తే, యూరప్ లేబుల్ ఉన్న వాటిలో డెసిబెల్ అంకె చూస్తే కొంత ఉపయోగం ఉంటుంది. అయితే ఆ అంకె 80 కిలోమీటర్ల వేగంలో కారు దాటిపోతుంటే బయట పక్కన పెట్టిన మైకు కొలిచింది, మీ సీట్లో వినిపించేది కాదు. అందుకని ఒక డెసిబెల్ తేడా కోసం బ్రేక్ పట్టు తక్కువున్న టైరు మాత్రం తీసుకోవద్దు.

ఇక్కడ డెసిబెల్ లెక్క కొంచెం చెప్పాలి, ఎందుకంటే నిరాశ అంతా ఇక్కడే మొదలవుతుంది. మూడు డెసిబెల్స్ తగ్గితే చెవికి తేడా తెలుస్తుంది, అంతే. సగానికి తగ్గినట్టు అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ తగ్గాలి. ఇప్పుడు టైరు మోత 65, గాలి మోత 65 ఉన్నాయనుకోండి. రెండూ కలిస్తే 130 కాదు, 68. టైరు మోతని మొత్తం మాయం చేసేసినా 65 మిగిలే ఉంటుంది. అంత కష్టపడితే తగ్గింది మూడు! అందుకే ఒక్క జాగాలో ఎంత మందంగా అంటించినా ఫలితం రాదు. అన్నిటికంటే పెద్ద మోత ఏదో దాన్ని ముందు దించాలి, తర్వాత దాని కిందది. బాగా చేసిన పనిలో నేను ఆశించేది రెండు నుంచి నాలుగు డెసిబెల్స్. అంకె చిన్నదే కానీ రెండు గంటలు నడిపాక దిగి చూస్తే తలనొప్పి లేకపోవడంలో ఆ తేడా తెలుస్తుంది.

కొలవాలంటే ఫోన్ యాప్ చాలు. అసలు అంకె తప్పయినా ఫర్వాలేదు, ముందూ తర్వాతా పోల్చుకోవడానికే కదా. అదే ఫోను, అదే రోడ్డు ముక్క, అదే వేగం, అద్దాలు మూసి, ఏసీ ఫ్యాన్ ఆపి, రెండు దిక్కులా వెళ్లి సగటు తీయండి. ఇంకో మాట. యాప్‌లు మామూలుగా ఏ-వెయిటింగ్‌లో చూపిస్తాయి. మన చెవి బరువైన, అంటే లోతైన శబ్దాల్ని తక్కువగా వింటుందని, అందులో 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు. కాబట్టి గుండెల్లో తగిలే ఆ బరువు హోరు బాగా తగ్గినా అంకె పెద్దగా కదలకపోవచ్చు. యాప్‌లో సీ-వెయిటింగ్ ఉంటే అది కూడా రాసి పెట్టుకోండి, అది బరువు శబ్దాల్ని అంతగా తగ్గించి చూపదు.

ఇక గలగల. దీనికి డబ్బు అక్కర్లేదు, చెవి కావాలి. ముందు కారులో ఉన్నదంతా బయట పెట్టేయండి: గ్లవ్ బాక్సు, తలుపు జేబులు, కళ్లజోడు పెట్టే అర, జాకీ, పానా, డిక్కీలో దొర్లే సీసాలు, సమస్తం. అదే గతుకుల రోడ్డు మీద ఒకసారి తిరిగిరండి. సగం కార్లలో సగం గలగల ఇక్కడే పోతుంది. మిగిలినదాన్ని రకం పట్టి వినండి. ప్లాస్టిక్కుకి ప్లాస్టిక్కు కొట్టుకుంటే కటకటమంటుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి పట్టుకుని జారుతుంటే కిర్రుమంటుంది. వీటికి మందు వేర్వేరు. కటకటకి బిగింపు కావాలి: వదులైన స్క్రూ, విరిగిన క్లిప్పు, సందులో ఒక ఫెల్ట్ ముక్క. కిర్రుకి రాపిడి తగ్గాలి: ఆ రెండింటి మధ్య ఫెల్ట్ టేపు, రబ్బరు బీడింగ్ అయితే సిలికాన్ గ్రీజు. బీడింగ్‌కి మామూలు ఇంజన్ ఆయిల్, గ్రీజు రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

డ్యాష్‌బోర్డులో చప్పుడు పట్టుకోవడానికి నాకు బాగా కలిసొచ్చిన పద్ధతి ఒకటుంది. ఇంజన్ ఆపి, కారు స్పీకర్లలో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే ఒక్క స్వరం ప్లే చేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌లు దొరుకుతాయి. వాల్యూమ్ మధ్యస్థంగా పెట్టండి. ఏదో ఒక స్వరం దగ్గర ఆ వదులు ముక్క తనంతట తానే బజ్జుమని మోగుతుంది. అక్కడ స్వరాన్ని ఆపి పెట్టి, అరచేత్తో ఒక్కో జాగా నొక్కుతూ పోండి. ఎక్కడ నొక్కితే ఆగిపోయిందో అదే దొంగ. రోడ్డు మీద ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో డ్యాష్‌బోర్డు నొక్కడం ఎప్పుడూ చేయకండి. తిరుగుతూనే వెతకాలంటే ఇంకొకరు నడపాలి, మీరు వెనక కూర్చుని వినాలి.

వెనకవైపు గలగలకి హ్యాచ్‌బ్యాకుల్లో నేను చూసే వరస ఇది: పార్సెల్ ట్రే (డిక్కీ సామాను పైన కప్పే పలక) మేకులు, వెనక సీటు వీపు పడే లాక్, డిక్కీ తలుపు రబ్బరు బుడిపెలు, నంబర్ ప్లేటు. ఆ సీటు లాక్ కొక్కెం పడే ఇనుప కడ్డీకి రెండు చుట్లు గుడ్డ టేపు చుట్టండి. డిక్కీ తలుపు అంచున ఉండే రబ్బరు బుడిపెలు చాలా కార్లలో తిప్పితే బయటికి వస్తాయి. అరచుట్టు, అరచుట్టు బయటికి తిప్పి తలుపు వేసి చూడండి. తలుపు బిగుతుగా పడుతూ, మరీ గట్టిగా కొట్టాల్సిన అవసరం లేని చోట ఆపండి. ఒక స్నేహితుడి కారులో టకటక కోసం రెండు నెలలు వెతికాం. వెనక తలుపు ప్యాడ్, అంటే తలుపు లోపలివైపు ప్లాస్టిక్ పలక, రెండుసార్లు ఊడదీశాం. ఆఖరికి చూస్తే అది ముందు సీట్ బెల్ట్ పైన ఎత్తు మార్చుకునే మీట, సగం మెట్టులో ఆగి ఉంది. పిల్లర్ మీద చెయ్యి ఆనిస్తే ప్రతి గతుకుకీ వేలి కింద చిన్న కొట్టు తగిలింది. కిందకి ఒక మెట్టు నొక్కగానే టక్కున పడి ఆగిపోయింది. చెవికి వెనక నుంచి వినిపించింది నిజంగా వెనకే ఉండాలని లేదు. మూసిన కారులో శబ్దం కిటికీ అద్దాలకి కొట్టుకుని తిరుగుతుంది.

ఒక జాగ్రత్త. నేల కింద నుంచి, నెమ్మదిగా గతుకు దాటుతున్నప్పుడు టక్ టక్ అని వస్తే అది లోపలి ప్లాస్టిక్ కాదు. స్టెబిలైజర్ లింకు, బాల్ జాయింటు, స్ట్రట్ మౌంటు, బ్రేక్ ప్యాడ్ క్లిప్పులు, ఇవి చూపించుకోవాలి. దాన్ని మోతగా కాదు, ప్రమాదంగా చూడండి. ఇంజన్ ఒక వేగంలో ఉన్నప్పుడు మాత్రమే కింద రేకు జిర్రుమంటే సైలెన్సర్ మీది హీట్ షీల్డ్ వదులైంది. ఒక స్టీలు హోస్ క్లిప్పుతో కట్టేస్తే సరి.

ఇవన్నీ చూశాక కూడా హోరు మిగిలితే, అప్పుడు షీట్ల మాట. మార్కెట్లో అన్నిటినీ కలిపి సౌండ్ ప్రూఫింగ్ అంటారు కానీ అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. ఒక పని చేసే సరుకు ఇంకో పని చేయదు.

మొదటిది డ్యాంపింగ్, అంటే రేకు మోగకుండా ఆపడం. మోగుతున్న గంట మీద చెయ్యి వేస్తే ఆగిపోతుంది చూడండి, అదే. బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం పొర ఉన్న షీటు ఇందుకు వాడతారు. రేకు వణికినప్పుడు, రేకుకీ పైన బిగుసుగా ఉన్న అల్యూమినియంకీ మధ్య బ్యూటైల్ సాగి, ఆ వణుకుని వేడిగా మార్చేస్తుంది. కాబట్టి అల్యూమినియం పొర పలచగా, చాక్లెట్ కాగితంలా ఉంటే పని సగమే జరుగుతుంది. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, రేకు అంతా కప్పక్కర్లేదు. చదునుగా, ఆధారం లేకుండా ఉన్న రేకు మధ్యలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు కప్పితే చాలావరకు మోత ఆగిపోతుంది. వేలి కణుపుతో కొట్టి చూడండి. ఠంగ్ మంటే అంటించాలి, దబ్ మంటే వదిలేయాలి. గాడులు, మడతలు ఉన్న చోట రేకు ముందే బిగుసుగా ఉంటుంది, అక్కడ అంటించడం దండగ. నూటికి నూరు శాతం కప్పాలని చెప్పేవాళ్లు షీటు అమ్ముకుంటున్నారు, అంతే.

బ్యూటైల్ బదులు తారు షీట్లు చవకగా దొరుకుతాయి. ఎండకి మెత్తబడతాయి, తలుపులో జారతాయి, మూసిన కారులో వాసన కొడతాయి. నేల మీద కంపెనీవాళ్లు వేసేది వేరు, దాన్ని పొయ్యిలో కాల్చి రేకుకి అతికిస్తారు. మీరు అంటించేదానికి బ్యూటైలే తీసుకోండి. కొనే ముందు ఒక ముక్క తెచ్చి, రేకుకి అంటించి, ఎండలో మూసిన కారులో రెండు రోజులు ఉంచండి. జారినా, వాసన వచ్చినా వద్దు.

రెండోది అడ్డం, అంటే గాలిలో వచ్చే మోతని లోపలికి రానివ్వకపోవడం. దీనికి బరువే మందు. ఎమ్మెల్వీ అని పిలిచే బరువైన వినైల్ షీటు చదరపు మీటరుకి సుమారు 5 కిలోలుంటుంది. బరువు రెట్టింపు చేస్తే మహా అయితే ఆరు డెసిబెల్స్ లాభం. అయితే కంతలు ఉండకూడదు. అడ్డంలో నూటికి ఒక వంతు జాగా ఖాళీగా వదిలితే, మిగతాది ఎంత మందంగా ఉన్నా 20 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఆపలేదు. నీళ్లకి ఎలా సందు చాలో శబ్దానికీ అంతే.

మూడోది, ఆ బరువు షీటుని రేకు నుంచి విడదీసే ఆరు మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోమ్. వినైల్‌ని నేరుగా రేకుకి అంటిస్తే రేకుతో పాటు అదీ వణుకుతుంది. ఫోమ్ మధ్యలో ఉంటే ఆ వణుకు అందదు. ఈ ఫోమ్ ఒక్కటే అంటించి మోత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. దానంతట అది ఆపేది చాలా తక్కువ. నాలుగోది పీల్చుకునే దూది లాంటి సరుకు: పాలిస్టర్ ఫెల్ట్, నీళ్లు పట్టనిది. ఈలలాంటి సన్నని శబ్దాలకి బాగా పనిచేస్తుంది, బరువు హోరుకి కాదు. 1000 హెర్ట్జ్ శబ్దం అల పొడవు 34 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌ది దాదాపు మూడున్నర మీటర్లు. రెండు సెంటీమీటర్ల దూది ఆ పెద్ద అలని ఏం చేయగలదు?

మీ కారులో నేనైతే ఎక్కడ మొదలుపెడతానంటే, డిక్కీలో. హ్యాచ్‌బ్యాకులో వెనక చక్రాల గూళ్లు, స్టెప్నీ గుంట నేరుగా కూర్చునే జాగాలోకి తెరుచుకుని ఉంటాయి, మధ్యలో గోడ ఉండదు. సెడాన్ కంటే వెనక హోరు ఎక్కువగా ఉండేది అందుకే. డిక్కీ పక్క ప్లాస్టిక్కులు తీస్తే చక్రం గూడు రేకు ఉత్తదే కనిపిస్తుంది. దాని మీద కొట్టి చూసి, ఠంగ్ మన్న చోట బ్యూటైల్ ముక్కలు. ఆ పైన ఫోమ్, వినైల్ కలిపి గూడు అంతా కప్పేలా ఒక దుప్పటిలా. పక్క ఖాళీల్లో ఫెల్ట్. స్టెప్నీ గుంట చదును భాగంలో కొన్ని ముక్కలు. పైన చెక్క పలక ఉంటే దాని కింద ఫెల్ట్. డిక్కీ పక్క గోడల్లో కారులోని గాలి బయటికి పోయే రబ్బరు రెక్కల కిటికీలుంటాయి. వాటిని మాత్రం మూయకండి. మూస్తే తలుపు వేసినప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి, అద్దాలకి ఆవిరి పడుతుంది.

బయటినుంచి చక్రం గూట్లో ప్లాస్టిక్ లైనర్ ఉంటే, దాన్ని ఊడదీసి వెనకవైపు కడిగి ఆరబెట్టి షీటు అంటించవచ్చు. రాళ్లు, నీళ్లు కొట్టే చప్పుడు బాగా తగ్గుతుంది. కానీ టైరు పూర్తిగా తిరిగినప్పుడు, గతుకులో పైకి లేచినప్పుడు తగలకుండా జాగా ఉందో లేదో ముందు చూసుకోండి.

తలుపుల సంగతి. ఇక్కడ వచ్చే తృప్తి వేరు, ఎందుకంటే రేకు డబ్బాలా పడే తలుపు దబ్ మని బరువుగా పడుతుంది, స్పీకర్లు కూడా మెరుగవుతాయి. 80లో వచ్చే హోరులో మాత్రం దీని వాటా చిన్నది. అయినా చేయాలనుకుంటే ఇలా. ముందు అద్దం పూర్తిగా పైకి ఎత్తండి. పట్టుకునే చోట, చేయి ఆనించే చోట చిన్న మూతల కింద స్క్రూలు దాక్కుని ఉంటాయి. అవి తీశాక కింది అంచు నుంచి ప్లాస్టిక్ పట్టీతో ప్యాడ్‌ని వదులు చేసుకుంటూ రండి. క్లిప్పులు ఒక్కోటి టప్ మని ఊడతాయి, రెండు మూడు విరుగుతాయి కూడా. ముందే అరడజను తెచ్చుకోండి. అన్నీ ఊడాక ప్యాడ్‌ని పైకి ఎత్తితే వస్తుంది. వైర్లు ఉంటాయి, లాగేయకండి.

లోపల ప్లాస్టిక్ పట్టా ఒకటి నల్లటి బంకతో అతికి ఉంటుంది. చాలామంది దాన్ని చింపి పారేస్తారు. అది చాలా పెద్ద తప్పు. వాన నీళ్లు అద్దం వెంబడి తలుపు లోపలికి దిగడం మామూలే, తలుపు అలాగే తయారైంది. ఆ నీళ్లు కింది కంతల్లోంచి బయటికి పోతాయి. పట్టా లేకపోతే కారు లోపలికి వస్తాయి, తివాచీ కింద నిలిచి రేకు తుప్పు పడుతుంది. బంక తీగని బ్లేడుతో మధ్యకి కోస్తూ పట్టాని నెమ్మదిగా మడిచి పక్కకి పెట్టండి. తర్వాత మళ్లీ అదే బంక మీద గట్టిగా నొక్కాలి.

చేతులకి మందపాటి గ్లవ్స్ వేసుకోండి. తలుపు లోపలి రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, అల్యూమినియం అంచు కూడా కోస్తుంది. బయటి రేకు లోపలి ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లగా వస్తున్నంతసేపూ తుడుస్తూనే ఉండాలి. షీటుని అరచేయంత ముక్కలు, కొంచెం పెద్దవి, కంతలోంచి దూరేంత కోసుకోండి. చల్లటి వేళ అయితే హీట్ గన్‌తో కొద్దిగా వెచ్చబరచండి. ఒక అంచు ముందు ఆనించి, గాలి బుడగ చిక్కకుండా రెండో అంచు వైపు దించుకుంటూ రండి. తర్వాత రోలర్. షీటు మీద చిన్న చిన్న గళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి పూర్తిగా అణిగి అద్దంలా అయ్యేదాకా నొక్కాలి. గళ్లు మిగిలిన చోట బంక రేకుని సరిగా పట్టుకోలేదన్నమాట. భుజాలు నొప్పి పుడతాయి, అయినా ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే పని మొత్తం ఫలితం ఈ నొక్కడం మీదే ఉంది. స్పీకర్ వెనక ఒక ముక్క తప్పకుండా. లాక్ కడ్డీలకి, ఊగే వైర్లకి ఫెల్ట్ టేపు చుట్టండి. గలగల చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

తలుపు కింద అంచున ఉన్న నీళ్ల కంతలు మూయొద్దు. అద్దం దిగే దారిలో ఏదీ ఉండొద్దు. ప్యాడ్ పెట్టే ముందు అద్దాన్ని రెండుసార్లు దించి ఎత్తి చూడండి. ఇంకో విషయం, చాలామందికి తెలియదు: కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ని పేల్చే సెన్సర్ తలుపు లోపలి గాలి ఒత్తిడిని చూసి పనిచేస్తుంది. మీ కారు అలాంటిదైతే తలుపు లోపలి కంతలు షీటుతో మూసి సీల్ చేయకండి, సెన్సర్‌ని కప్పకండి. లేకపోయినా నేను ఆ కంతలు శాశ్వతంగా మూయను. రేపు అద్దం మోటారు పోతే ఆ బంకతో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

నేల చివరికి. కంపెనీవాళ్లే అక్కడ డ్యాంపింగ్ వేసి ఉంటారు, కాబట్టి మళ్లీ బ్యూటైల్ పరిస్తే కలిగే లాభం తక్కువ. అక్కడ పనికొచ్చేది ఫోమ్ మీద వినైల్. దానికి సీట్లు తీయాలి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ నెగటివ్ తీసి, పది నిమిషాలు ఆగి, అప్పుడే ముట్టుకోవాలి. సీట్లు బయట ఉండగా తాళం తిప్పొద్దు. సీటు, బెల్టు బోల్టులు మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తోనే, అంటే అంత బిగుతుగానే, బిగించాలి. టార్క్ రెంచ్ లేకపోతే ఈ భాగం మీరు చేయకండి, చేయించుకోండి. తివాచీ కింద చెయ్యి పెట్టినప్పుడు తడి తగిలితే ముందు ఆ లీకు సంగతి చూడాలి. తడి మీద వినైల్ వేస్తే నేలని తుప్పుకి అప్పజెప్పినట్టే.

పైకప్పు మీరు అడిగిన హోరుకి అవసరం లేదు. వాన డబడబ ఎక్కువగా ఉంటే మధ్యలో నాలుగైదు ముక్కలు చాలు. అంచుల వెంబడి కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి, అటు వెళ్లొద్దు. పిల్లర్లలో స్ప్రే ఫోమ్ నింపమని ఎవరైనా చెబితే వినకండి. నీళ్ల దారులు మూసుకుపోతాయి, లోపల తుప్పు పట్టినా కనిపించదు. షాపువాళ్లు చెప్పినట్టు మొత్తం కారుకి వేస్తే ముప్పై నలభై కిలోల బరువు పెరుగుతుంది. ఆ బరువు మీరు రోజూ మోయాలి.

చివరగా ఒకటి ముందే చెప్పి పెడతాను, తర్వాత కంగారు పడకుండా. హోరు తగ్గాక ఇంతకుముందు లేని చిన్న చిన్న చప్పుళ్లు వినిపిస్తాయి. అవి కొత్తవి కావు, ఇన్నాళ్లూ హోరు కింద దాక్కున్నవి. ఎలక్ట్రిక్ కారుకి మారినవాళ్లు టైరు మోత ఎక్కువగా ఉందనుకునేది కూడా ఇంజన్ మోత కప్పడం లేదు కాబట్టే. అందుకే గలగల పని ముందు, షీట్ల పని తర్వాత పెట్టుకోమంటున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది: టైరు మీద అరచేయి పరీక్ష, టైర్లు ముందు వెనక మార్చడం, ఖాళీ కారుతో గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు. టైరు తయారైన నాలుగంకెలు ఎంతో, మార్చాక హోరు ముందుకి వచ్చిందో వెనకే ఉందో చెప్పండి. డిక్కీ పక్క ప్లాస్టిక్కు తీసి చక్రం గూడు ఫోటో తీస్తే, షీటు ఎన్ని ముక్కలు ఎక్కడెక్కడ పడాలో గుర్తు పెట్టి ఇస్తాను.